లైటు తగ్గినా సరే... ఆరిపోవద్దు!

మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు తార్నాక చౌరస్తాలో నిలబడి క్యాబ్ బుక్ చేద్దామని ఫోన్ తీస్తారు. ఎండకి స్క్రీన్ కనిపించదు. బ్రైట్‌నెస్ ఫుల్‌కి లాగుతారు. కాసేపటికి అది దానంతట అదే మసకబారుతుంది. మీరు పెంచుతారు, అది తగ్గిస్తుంది. ఫోన్ పాడైందేమో అని డౌటు. ఏం పాడవలేదు. లోపల ఒక చిన్న ప్రోగ్రామ్ తన డ్యూటీ తాను చేస్తోంది. ఇంత వేడిలో ఇంత వెలుగిస్తే బ్యాటరీకి, చిప్‌కి మంచిది కాదని దానికి తెలుసు. యాపిల్ కంపెనీ తన ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాతావరణంలో వాడమంటుంది. మన మే నెల ఆ లెక్కలోకే రాదు. వేడెక్కితే స్క్రీన్ మసకబారుతుందనీ, కెమెరా ఫ్లాష్ కాసేపు పనిచేయదనీ ఆ కంపెనీయే ముందుగా చెప్పి పెట్టింది.

రోడ్డు మీద ఇది చిన్న చిరాకు. నీడలోకి జరిగితే సరిపోతుంది. అదే ప్రోగ్రామును నీళ్లతో నిండిన గుహలో, ఓ మనిషి చేతిలో ఉన్న లైటులో పెడితే? 'వేడెక్కాను, ఆరిపోతున్నా' అని అది ఆరిపోతే? అక్కడ జరగడానికి నీడ లేదు. ఉన్నదంతా చీకటే.

ఈ వారం ముచ్చట ఆ లైటు గురించి. గుహల్లో ఈదేవాళ్లు మనలో ఎంతమంది అంటారా? చెబుతా. మన ఊరి బావి దాకా వచ్చే కథే ఇది.

పైన ఆకాశం ఉండదు

మామూలు స్కూబా డైవింగ్‌లో తేడా వస్తే పైకి వచ్చేయొచ్చు. కేవ్ డైవింగ్‌లో తల మీద ఉండేది రాయి. ఎంత దూరం లోపలికి వెళ్లారో అంత దూరం వెనక్కి వస్తేనే గాలి. అమెరికన్ డైవర్ షెక్ ఎక్స్‌లీ అప్పటిదాకా జరిగిన ప్రమాదాలను ఒక్కొక్కటిగా విప్పి చూసి, 1979లో కేవ్ డైవింగ్ మీద చిన్న పుస్తకం రాశాడు. ఆ దారిలో వచ్చిన నియమాలే ఇప్పటికీ ట్రైనింగ్‌లో చెబుతారు. బయటి నీటి దాకా తెగకుండా ఒక తాడు ఉండాలి. సిలిండర్‌లో గ్యాస్‌ని మూడు వాటాలు చేయాలి: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, ఆపదకి ఒకటి. ఇక లైట్లు మనిషికి మూడు. ఒకటి మెయిన్, రెండు స్పేర్. మెయిన్ లైటు పోయిందంటే ఇంకా ఎంత గ్యాస్ మిగిలినా సరే, ఆ రోజుకి డైవ్ అయిపోయినట్టే. అందరూ వెనక్కి తిరగాల్సిందే.

నీళ్లలో మాట్లాడలేరు కాబట్టి లైటే వాళ్లకి నోరు కూడా. లైటుతో గుండ్రంగా నెమ్మదిగా తిప్పితే 'అంతా ఓకే'. అటూ ఇటూ గబగబా ఊపితే 'ఆపద, ఇటు చూడు'. ఈ విషయం గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

2018లో థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో 12 మంది పిల్లలు, వాళ్ల ఫుట్‌బాల్ కోచ్ ఇరుక్కుపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. జూన్ 23న లోపలికి వెళ్లారు. జులై 10కి చివరివాళ్లు బయటికి వచ్చారు. డైవర్లకి అక్కడ ఎదురైంది బురద నీళ్లు. చాలాచోట్ల చెయ్యి చాపితే చెయ్యి కనిపించదు. ఆ సహాయ చర్యల్లోనే సమన్ కునన్ అనే మాజీ థాయ్ నేవీ డైవర్ ప్రాణం పోయింది.

మన దగ్గరా చీకటి నీళ్లున్నాయి. నంద్యాల జిల్లా బేలం గుహల పొడవు 3,229 మీటర్లు. అందులో అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ, నేల మట్టానికి 46 మీటర్ల కింద. టూరిస్టులు చూసి మొక్కి వెనక్కి వస్తారు. ఆ నీటి పాయ మాత్రం రాళ్ల సందులోంచి ఇంకా కిందికి పోతుంది. ఇక 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ సొరంగం పైకప్పు కూలింది. సుమారు 14 కిలోమీటర్ల లోపల 8 మంది చిక్కుకుపోయారు. ఆర్మీ, నేవీ, ఎన్డీఆర్ఎఫ్, సింగరేణి టీములు ఆ నీళ్లలో, బురదలో వారాల తరబడి వెతికాయి. మా తార్నాక పక్కనే ఉన్న ఎన్‌జీఆర్ఐ వాళ్లు రాడార్ పరికరాలతో వెళ్లారు. టీవీలో ఆ దృశ్యాలు చూసినప్పుడు నా కళ్లు హెల్మెట్ లైట్ల మీదే ఉండిపోయాయి. ఆ చిన్న చిన్న వెలుగు మచ్చలు తప్ప ఫ్రేమంతా నలుపే.

పాలిథిన్ కవర్లో టార్చి

నాకు ఈ పిచ్చి పట్టించింది మా జూనియర్ ఒకడు. ఉస్మానియాలో ఇంజినీరింగ్ ఫైనలియర్. వాళ్ల మేనమామ నల్గొండ వైపు ఒక ఊళ్లో గజ ఈతగాడు. బావిలో మోటారు పడితే తీస్తాడు. పైపు ఇరుక్కుంటే విడిపిస్తాడు. ఒక్కోసారి పోలీసుల నుంచి ఫోన్ వస్తుంది. అప్పుడు తీసేది మోటారు కాదు.

ఆయనకి సిలిండర్ లేదు, సూట్ లేదు. ఊపిరి బిగబట్టి దూకడమే. లైటంటే ఒక మామూలు టార్చిని పాలిథిన్ కవర్లో చుట్టి రబ్బరు బ్యాండు వేసుకోవడం. వ్యవసాయ బావుల్లో, క్వారీ గుంతల్లో నాలుగైదు మీటర్లు దిగితే పట్టపగలే చీకటి. మావాడు ఫైనలియర్ ప్రాజెక్టుగా మామకి ఒక మంచి లైటు చేద్దామనుకున్నాడు. కోఠి గుజరాతీ గల్లీలో పార్టులు కొనుక్కుని, ఓ సాయంత్రం తార్నాకలో మా రూముకొచ్చి టేబుల్ మీద పరిచాడు.

"అన్నా, హార్డ్‌వేర్ నేను జూస్కుంట. కోడ్ నువ్వు జూడు."

నా ఉద్యోగం సర్వర్ల దగ్గర. అయినా వేడి, లోడు, తట్టుకోలేనప్పుడు ఏం చేయాలి అన్న లెక్కలు రోజూ చేసేవే. కూర్చున్నాం.

వెలుగు ముందుకి, వేడి వెనక్కి

పాత ఫిలమెంట్ బల్బుకి తీగ ఎర్రగా కాలితేనే వెలుగు. దాని వేడిలో చాలా భాగం వెలుగుతో పాటే ముందుకి పోయేది. బల్బు ముందు చెయ్యి పెడితే సెగ తగిలేది అందుకే. ఎల్‌ఈడీ అలా కాదు. నీలం ఎల్‌ఈడీ కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు కదా, ఆ నీలం చిప్ మీద పసుపు పూత పూస్తే వచ్చేదే మన తెల్ల లైటు. అందులో కరెంటులో మూడో వంతు నుంచి సగం దాకా వెలుగవుతుంది. మిగతాదంతా వేడి. పైగా ఆ వేడి వెలుగుతో పాటు ముందుకి పోదు. చిప్ వెనకాల, గోరంత జాగాలో కూర్చుంటుంది. దాన్ని అక్కడి నుంచి లాగి బయట పడెయ్యాలి. లాగకపోతే మొదట వెలుగు తగ్గుతుంది, తర్వాత చిప్ ఆయుష్షు తగ్గుతుంది, ఇంకా పెరిగితే చిప్పే పోతుంది.

ఒక లెక్క చేద్దాం. చిన్నదే, భయపడకండి.

3,000 లూమెన్ల లైటు అనుకోండి. వాటుకి 100 లూమెన్లు వస్తాయనుకుంటే 30 వాట్లు తాగుతుంది. అందులో 10 వాట్లు వెలుగు, 20 వాట్లు వేడి. లైటు బాడీ చిన్న టార్చి సైజు, అంటే బయటి వైశాల్యం దాదాపు 200 చదరపు సెంటీమీటర్లు. గాలి కదలని గదిలో పెడితే, గాలి ఆ వేడిని చాలా బద్ధకంగా తీసుకుంటుంది. ఆ 20 వాట్లు బయటికి పోవాలంటే బాడీ గది కన్నా దాదాపు 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కాలి. అంటే 35 డిగ్రీల గదిలో 135. ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అదే లైటుని నీళ్లలో ముంచితే? నీళ్లు వేడిని గాలి కన్నా సుమారు 50 రెట్లు జోరుగా లాక్కుంటాయి. బాడీ నీళ్ల కన్నా 2 డిగ్రీలు పెరిగితే చాలు, లెక్క సరిపోతుంది.

గాల్లో 100, నీళ్లలో 2. డైవ్ లైట్లు చిన్నగా ఉండి కూడా అంత వెలుగివ్వడం వెనక రహస్యం ఇదే. నీళ్లే వాటికి కూలర్. అందుకే చాలా డైవ్ లైట్ల మీద 'నీటి బయట ఎక్కువసేపు వెలిగించొద్దు' అని రాసి ఉంటుంది. ఒక 300 గ్రాముల అల్యూమినియం బాడీకి 20 వాట్ల వేడి తగిలితే మొదట్లో నిమిషానికి 4 డిగ్రీలకు పైగా ఎక్కుతుంది. బ్యాగులో పొరపాటున స్విచ్ పడి, చుట్టూ టవల్ కప్పి ఉంటే? విమానాల్లో తీసుకెళ్లే వస్తువుల అంతర్జాతీయ నిబంధనల్లో, ఎక్కువ వేడి పుట్టించే పరికరాల కింద ఉదాహరణగా డైవింగ్ లైటు పేరే కనిపిస్తుంది. బ్యాటరీ విడదీసి, పొరపాటున కూడా వెలగకుండా పెట్టాలి.

కాగితం మందం గాలి చాలు

"అన్నా, నీళ్లలో రెండు డిగ్రీలే అయితే ఇగ టెన్షనేముంది?" అన్నాడు మావాడు.

టెన్షన్ లోపల ఉంది. నీళ్లు చల్లబరిచేది బయటి బాడీని. చిప్ నుంచి బాడీ దాకా వేడి నడిచి రావాలి కదా. చిప్ ఒక రాగి లేదా అల్యూమినియం పలక మీద ఉంటుంది. ఆ పలక బాడీకి ఆనుకోవాలి. కంటికి ఎంత నున్నగా కనిపించినా రెండు లోహాల మధ్య సందులుంటాయి. సందులో ఉండేది గాలి.

2 సెంటీమీటర్ల చదరపు పలక కింద 0.1 మిల్లీమీటర్ మందం గాలి పొర ఉందనుకుందాం. అంటే దాదాపు ఒక కాగితం మందం. అదే 20 వాట్ల వేడి ఆ పొరని దాటాలంటే అటూ ఇటూ దాదాపు 190 డిగ్రీల తేడా కావాలి. ఆ సందులో మామూలు థర్మల్ పేస్టు పూస్తే? 2 డిగ్రీల లోపే. కంప్యూటర్ రిపేరు షాపులో ప్రాసెసర్ మీద తెల్లగా, బూడిద రంగులో పూస్తారే, అదే పేస్టు. ఇంత లెక్కా ఆ చిటికెడు పూత మీద ఆధారపడి ఉంది.

దీంట్లో ఇంకో మెలిక ఉంది. వేడి కొలిచే సెన్సర్‌ని మావాడు బాడీ గోడకి అతికించాడు. అక్కడ జాగా ఉంది, వైరు చిన్నది. కానీ లైటు నీళ్లలో ఉన్నప్పుడు గోడ ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. లోపల పేస్టు ఎండిపోయి చిప్ మాడిపోతున్నా సెన్సర్ మాత్రం '28 డిగ్రీలు, అంతా బాగుంది' అంటుంది. జ్వరం ఉన్నోడి చెమట ముట్టుకుని చల్లగా ఉన్నాడనుకున్నట్టు. సెన్సర్ ఉండాల్సింది చిప్ పక్కన, అదే పలక మీద. మార్చాం.

బాడీ ప్లాస్టిక్‌ది అయితే ఈ కథంతా మొదట్లోనే ఆగిపోతుంది. అల్యూమినియం వేడిని ప్లాస్టిక్ కన్నా సుమారు వెయ్యి రెట్లు బాగా నడిపిస్తుంది. ప్లాస్టిక్ బాడీకి బయట ఎంత చల్లటి నీళ్లున్నా, లోపలి వేడి గడప దాటదు.

లూమెన్లు చూసి మోసపోకండి

ఆన్‌లైన్‌లో '50,000 లూమెన్లు, వాటర్‌ప్రూఫ్' అని అరచేతిలో పట్టే టార్చి కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. వాటుకి 100 నుంచి 150 లూమెన్ల చొప్పున 50,000 రావాలంటే 350 నుంచి 500 వాట్ల దాకా కావాలి. లోపల ఉండేది ఒకే ఒక్క 18650 సెల్. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండేదానికి ఆ పేరు. అందులో పట్టేది సుమారు 10 వాట్-అవర్లు. 400 వాట్ల చొప్పున తాగితే నిమిషంన్నరలో ఖాళీ. నిజానికి ఆ సెల్ అంత కరెంటు ఇవ్వనే లేదు. పెట్టె మీద అంకె పెట్టె మీదే ఉంటుంది.

సరే, నిజంగానే ఎక్కువ లూమెన్లు వచ్చాయనుకోండి. బురద నీళ్లలో అవి మీకు శత్రువులు. పొగమంచులో కారు హైబీమ్ వేస్తే ఏమవుతుంది? ముందంతా తెల్ల గోడ. నీళ్లలో తేలే మట్టి రేణువులు కూడా అంతే, వెలుగుని తిప్పి మీ కళ్లలోకే కొడతాయి. అందుకే కేవ్ డైవర్లు వెలుగు మొత్తం కన్నా అది ఎంత సన్నగా పోతుందో చూస్తారు. 1,000 లూమెన్లని 100 డిగ్రీల వెడల్పున చల్లితే మధ్యలో తీవ్రత 450 క్యాండెలా దగ్గర ఉంటుంది. అవే 1,000 లూమెన్లని 8 డిగ్రీల సన్నటి కిరణంగా చేస్తే 65,000 దగ్గరికి పోతుంది. కరెంటు అంతే, వేడి అంతే, దూరం మాత్రం దాదాపు 150 రెట్లు తీవ్రంగా తగులుతుంది. లెన్సులో పోయే నష్టం తీసేసినా తేడా పెద్దదే. పక్కకి చల్లకపోవడం వల్ల కంటికి, వస్తువుకి మధ్యలో ఉన్న మట్టి కూడా తక్కువే మెరుస్తుంది. సన్నటి కిరణం గోడ మీద స్పష్టమైన మచ్చలా పడుతుంది కాబట్టి, వెనక ఉన్నవాడికి సైగ కూడా బాగా అందుతుంది.

వేడి తగ్గించాలంటే ఫ్యాన్లు, ఫిన్‌లు అని వెతుకుతాం. చాలాసార్లు అసలు దారి, అక్కర్లేని వైపు వెలుగు పుట్టించకపోవడమే.

ఎవరిని కాపాడాలి?

ఇప్పుడు కోడ్ దగ్గరికి వద్దాం. మావాడు రాసుకొచ్చిన లాజిక్ మూడు లైన్లు. చిప్ పలక 70 డిగ్రీలు దాటితే ఆఫ్. బ్యాటరీ వోల్టేజ్ పడిపోతే ఆఫ్. లేకపోతే ఫుల్.

"ఆఫ్ ఎందుకు?" అన్నాను.

"ఎల్‌ఈడీ కాలిపోతది గదన్నా. బ్యాటరీ గూడ ఖరాబైతది."

పుస్తకం ప్రకారం వాడు రాసింది తప్పు కాదు. ఛార్జర్లలో, పవర్ బ్యాంకుల్లో ఇలాగే రాస్తారు. తేడా వస్తే ముందు వస్తువుని కాపాడు. ఫోన్ కూడా మరీ వేడెక్కితే మూతపడుతుంది. కానీ ఈ లైటు పట్టుకునేవాడు ఎక్కడుంటాడు? పది మీటర్ల కింద, ఊపిరి బిగబట్టి. ఆయన్నే అడుగుదామని మావాడు అప్పటికప్పుడు మామకి స్పీకర్‌లో ఫోన్ కలిపాడు. నేను లెక్కలన్నీ చెప్పి, ఎంత వెలుగు కావాలని అడిగాను.

"వెలుగు తక్కువుంటే ఏం గాదు తమ్మీ. నడిమిట్ల ఆరిపోవద్దు. ఆరిపోయిందనుకో, పైకేదో కిందికేదో ఎరుక గాదు."

నీళ్లలో బరువు తెలియదు. కళ్లకి ఆనవాలు లేకపోతే పైకి అనుకుని పక్కకి ఈదే ప్రమాదం నిజంగానే ఉంటుంది. ఈ ఒక్క మాటతో మా డిజైన్ మారిపోయింది. 'ఎప్పుడు ఆపాలి' అన్న ప్రశ్నని పక్కన పెట్టి, 'ఆపకుండా ఉండాలంటే ఎంతకి తగ్గించాలి' అని లెక్క మొదలుపెట్టాం.

లైటుని పదో వంతుకి తగ్గిస్తే 3 వాట్లు. అందులో వేడి 2 వాట్లు. నీళ్లలో సరే, గాల్లో వదిలేసినా బాడీ పెరిగేది గది కన్నా 10 డిగ్రీలే. అంటే పదో వంతు వెలుగులో ఈ లైటు తన వేడికి తాను కాలిపోయే అవకాశమే లేదు. అలాంటప్పుడు వేడి పేరు చెప్పి పూర్తిగా ఆపాల్సిన అవసరం ఎక్కడుంది? చిప్ పలక 60 డిగ్రీలు దాటితే మెల్లగా తగ్గడం మొదలుపెట్టాలి. 75కి చేరేసరికి పదో వంతుకి వచ్చి అక్కడ ఆగాలి. సున్నాకి మాత్రం పోకూడదు. సెన్సర్ వైరు తెగి పిచ్చి అంకెలు చెప్పినా సరే, వెళ్లి ఆగాల్సింది పదో వంతు దగ్గరే.

బ్యాటరీకీ అదే లెక్క. మూడు సెల్స్‌లో కలిపి 30 వాట్-అవర్లు. ఫుల్ వెలుగులో గంట. చివరి పదో వంతు, అంటే 3 వాట్-అవర్లు మిగిలినప్పుడు లైటు 3 వాట్లకి దిగిపోతే ఇంకో గంట వస్తుంది. ఆ గంటలో మనిషి ఒకసారి కాదు, వందసార్లు బయటికి రావచ్చు. చివరికి సెల్ మరీ లోతుకి పడిపోయి పాడైతే కానివ్వండి. సెల్ కొత్తది కొనుక్కోవచ్చు.

మన కన్ను కూడా ఇక్కడ మనకి సాయం చేస్తుంది. వెలుగు సగానికి తగ్గితే కంటికి సగమైనట్టు అనిపించదు, కొంచెం తగ్గినట్టు ఉంటుంది. మెల్లగా తగ్గితే చాలామంది గమనించరు కూడా. ఇది సుఖమే, ప్రమాదం కూడా. బ్యాటరీ అయిపోతోందని మనిషికి తెలియాలి కదా. మావాడు అయితే మెయిన్ లైటుని టకటకా మిణుకుమనిపిద్దామన్నాడు. ఇక్కడే పైన చెప్పిన సైగలు గుర్తు చేసుకోండి. చీకట్లో గబగబా కదిలే వెలుగు అంటే 'ఆపద' అని అర్థం. ఒక్క బ్యాటరీ వార్నింగు మొత్తం టీముని కంగారు పెట్టేయగలదు. అందుకే హెచ్చరిక లైటు వెనక భాగంలో, పట్టుకున్నవాడికే కనిపించేలా ఒక చిన్న ఎర్ర చుక్కగా పెట్టాం. ముందు వెలుగు నిలకడగా ఉంటుంది.

మూత పెట్టిన నిప్పు

చిప్ గురించి ఇంతసేపు మాట్లాడుకున్నాం గానీ, లైటులో అసలు భయపడాల్సింది బ్యాటరీకే. లిథియం అయాన్ సెల్స్‌ని మామూలుగా వాడేటప్పుడు 60 డిగ్రీలు, ఛార్జ్ చేసేటప్పుడు 45 డిగ్రీలు దాటనివ్వొద్దని తయారీదారులే చెబుతారు. దాటుకుంటూ పోతే లోపల రసాయన చర్య తనని తానే వేడెక్కించుకునే స్థితికి వస్తుంది. అప్పుడు ఆపడం మన చేతిలో ఉండదు. పైగా డైవ్ లైటు అంటే నీళ్లు రాకుండా గట్టిగా బిగించిన గొట్టం. నీళ్లు లోపలికి రాకపోతే గ్యాస్ బయటికీ పోదు. మంచి లైట్లలో ఒత్తిడి పెరిగితే తెరుచుకునే వాల్వు పెట్టేది అందుకే.

2019 సెప్టెంబర్ 2 తెల్లవారుజామున అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ పడవ తగలబడి, కింద నిద్రపోతున్న 34 మంది చనిపోయారు. మంట ఎలా మొదలైందో దర్యాప్తు కచ్చితంగా తేల్చలేకపోయింది. కానీ రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టిన లైట్లు, ఫోన్లు, కెమెరా బ్యాటరీల మీద ప్రపంచం దృష్టి పడింది అప్పుడే. మనకింకా దగ్గరి ఉదాహరణ కావాలంటే, 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్‌లో మొదలైన మంటల పొగ పైనున్న లాడ్జిలోకి ఎగబాకి 8 మంది ప్రాణాలు తీసింది. తార్నాక నుంచి అదెంత దూరం? మెట్రోలో నాలుగు స్టేషన్ల లోపే.

అందుకని మా లైటులో సెల్స్‌ని చిప్ నుంచి వీలైనంత దూరం జరిపి, మధ్యలో ప్లాస్టిక్ అడ్డు పెట్టాం. చిప్ వేడి బాడీలోకి పోవాలి, సెల్స్‌లోకి కాదు. ఛార్జింగ్ మనిషి మెలకువగా ఉన్నప్పుడే, సెల్స్ బయటికి తీసే పెట్టాలన్నది రూలు. లైటు తడిగా ఉన్నప్పుడు అసలే కాదు. ఈ రూలు మీ పవర్ బ్యాంకుకి, స్కూటరుకి కూడా వర్తిస్తుంది.

ఇప్పుడెక్కడుందంటే

నీళ్లలో ఉన్నప్పుడే ఫుల్ వెలుగు ఇచ్చేలా బాడీ మీద రెండు స్టీలు స్క్రూలు పెట్టాం. రెండూ తడిస్తే వాటి మధ్య కొంచెం కరెంటు పారుతుంది. అప్పుడు లైటు తాను నీళ్లలో ఉన్నానని తెలుసుకుంటుంది. తడవకపోతే తక్కువ వెలుగు. స్క్రూకి మట్టి పట్టి అబద్ధం చెప్పినా పోయేదేం లేదు, తక్కువ వెలుగు ఎలాగూ ఉంటుంది.

క్యాంపస్‌లో మహలఖా బాయి పేరుతో పిలిచే పాత మెట్లబావి ఉంది. అందులో టెస్ట్ చేద్దామని మావాడికి ఒకటే ఉబలాటం. పాత కట్టడం, అనుమతి కావాలి, పైగా లీకయ్యే లైటుని ఎవరి బావిలోనైనా ఎందుకు దింపాలి అని ఆపాను. ముందు మా డాబా మీద నీళ్ల డ్రమ్ము. మొదట బ్యాటరీ లేకుండా, లోపల టిష్యూ పేపర్ పెట్టి రాత్రంతా ముంచాలి. తెల్లారి పేపర్ పొడిగా ఉంటేనే తర్వాతి మెట్టు. డ్రమ్ములో లోతు మీటరే కాబట్టి అది సగం పరీక్షే. నీళ్లలో ప్రతి 10 మీటర్లకి ఒక వాతావరణం ఒత్తిడి అదనంగా పడుతుంది. అందుకే ఆ తర్వాత లైటుకి రాయి కట్టి, తాడుతో మామ వాళ్ల ఊరి బావిలోకి దింపాలి. మనిషి ఇంకా దిగకూడదు. రబ్బరు ఓ-రింగ్ మీద ఒక్క వెంట్రుక పడితే చాలు, నీళ్లు దారి వెతుక్కుంటాయి.

ఇదంతా సరిగ్గా జరిగినా, ఈ లైటు పట్టుకుని ఎవరూ గుహల్లోకి పోవద్దు. గుహలకి ట్రైనింగ్ వేరు, మూడు లైట్ల లెక్క వేరు. మీలో ఎవరైనా అండమాన్‌కో, గోవాకో డైవింగ్‌కి వెళ్లి లైటు కొనాలనుకుంటే షాపులో మూడు ప్రశ్నలడగండి. ఈ వెలుగు ఎంతసేపు తగ్గకుండా ఉంటుంది? వేడెక్కితే తగ్గుతుందా, ఆరిపోతుందా? బ్యాటరీ చివరికొస్తే ఏం చేస్తుంది? లూమెన్ల గురించి నాలుగో ప్రశ్నగా అడగొచ్చు.

మావాడు వచ్చే ఆదివారం డ్రమ్ము కడిగి నీళ్లు నింపుతానన్నాడు. స్పేర్ లైటుగా ఇంకోటి కూడా మొదలుపెట్టాడు. మామకి ఒకటి కాదు, రెండు ఇవ్వాలట. ఆ మాట నేను చెప్పకుండానే వాడికి తట్టింది.